లైసెన్సు తుపాకికి ఇనప్పెట్టె: కొనే ముందు, బిగించేటప్పుడు

మా ఇంట్లో డబుల్ బ్యారెల్ తుపాకి ఏళ్ల తరబడి బీరువాలోనే ఉండేది. పై అరలో, పట్టుచీరల వెనక, ఖాకీ గుడ్డ సంచిలో. బీరువా తాళంచెవి వెంకటేశ్వరస్వామి పటం వెనక మేకుకు వేలాడేది. సైన్యం నుంచి వచ్చాక చిత్తూరులో బ్యాంకు గన్‌మన్‌గా పనిచేశాను కాబట్టి, తుపాకి జాగ్రత్తల గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదని అనుకునేవాణ్ణి.

ఒక ఏడాది వైకుంఠ ఏకాదశికి చుట్టాలు దిగారు. తెల్లవారుజామున ఇల్లంతా హడావుడి. ఎవరికో శాలువా కావాలంటే మా ఆవిడ బీరువా తెరిచింది, మూయడం మరిచిపోయింది. నేను స్నానం చేసి వచ్చేసరికి మా చెల్లెలి మనవడు, ఆరేళ్లవాడు, నేలమీద కూర్చుని నాలుగు ఎర్ర తూటాలను వరసగా నిలబెట్టి ఆడుకుంటున్నాడు. పై అర అంచు దాటి ఖాకీ సంచి కొస బయటికి వేలాడుతోంది. "తాతా, ఈ టపాకాయలు ఎప్పుడు కాలుస్తాం?" అని అడిగాడు. వాడి చేతిలోంచి ఒక్కొక్కటే తీసుకున్నాను. నాలుగోది ఇవ్వనని గుప్పిట బిగించాడు.

ఆ నెలలోనే సేఫ్ కొన్నాను. మొదటిది తప్పు పెట్టె. రెండోది సరైనది. ఆ రెండింటికీ మధ్య తెలుసుకున్నది మీకు చెబుతాను. ఇది లైసెన్సు ఉన్నవారికి మాత్రమే. లైసెన్సు లేని నాటు తుపాకి ఎంత గట్టి పెట్టెలో ఉన్నా నేరమే.

ముందు మీ ఇంటికి ఎవరెవరు వస్తారో లెక్కేయండి

సేఫ్ అనగానే అందరికీ దొంగ గుర్తొస్తాడు. దొంగ రెండోవాడు. మొదట ఆపాల్సింది మన ఇంట్లోని చేతినే. మన తిరుపతి ఇళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. దర్శనానికి వచ్చే బంధువులు ఏడాది పొడుగునా ఉంటారు. అర్ధరాత్రి దిగుతారు, తెల్లవారకముందే కొండకు బయలుదేరతారు. పిల్లలు కొత్త ఇంట్లో నిద్రపట్టక ప్రతి తలుపూ లాగి చూస్తారు. మన పిల్లలకు మనం నేర్పిన జాగ్రత్త వాళ్లకు తెలియదు. "మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు, మాకెందుకు" అనే మాట ఈ ఊళ్లో చెల్లదు.

ఇంకొకటి కూడా సూటిగా చెప్పాలి. పరీక్ష పోయిన పిల్లాడు, అప్పుల్లో కూరుకున్న తమ్ముడు, తాగి గొడవపడిన మనిషి ఏ ఇంట్లోనైనా ఉండొచ్చు. ఆ క్షణంలో చేతికి తుపాకి దొరక్కపోతే ఆ క్షణం దాటిపోతుంది. ఇంట్లో ఎవరైనా అలాంటి దిగులులో ఉన్నారనిపిస్తే సేఫ్‌ను కూడా నమ్ముకోకండి. తుపాకిని కొన్నాళ్లు లైసెన్సు ఉన్న ఆయుధ డీలర్ దగ్గర పెట్టండి. మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

తుపాకిని కొలవండి

పన్నెండు బోరు తుపాకి, ముప్పై అంగుళాల బ్యారెల్ ఉన్నది, కూర్చి ఉంచితే దాదాపు నాలుగడుగులు. నిలబెట్టి పెట్టాలంటే సేఫ్ లోపలి ఎత్తు దానికంటే కనీసం రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి. అంగడివాళ్లు చెప్పేది బయటి కొలత, మీకు కావలసింది లోపలి కొలత. టేపు మీరే తీసుకెళ్లండి.

ఈ తుపాకి మూడు ముక్కలుగా విడిపోతుంది: ముందు చెక్క, బ్యారెల్, భుజానికి ఆనించే బట్. తూటా గదులు రెండూ ఖాళీ అని కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, ఆ తర్వాతే విడదీయండి. విడదీస్తే పొడుగైన ముక్క బ్యారెలే, అంటే మూడడుగుల పెట్టె సరిపోతుంది. నాకు ఈ పద్ధతే నచ్చింది. పెట్టె చిన్నదైతే అలమారలో ఇమిడిపోతుంది, బయటికి కనిపించదు. విడదీసిన తుపాకి ఎవరి చేతికి చిక్కినా వెంటనే పేలదు.

రైఫిల్ అలా విడిపోదు కాబట్టి దానికి పొడుగు పెట్టె తప్పదు. పాయింట్ 32 రివాల్వర్ జానెడు కూడా ఉండదు, చిన్న పెట్టె చాలు. కానీ చిన్న పెట్టెను పెట్టెతో సహా చంకలో పెట్టుకుని పోవచ్చు. రివాల్వర్ ఉన్నవాళ్లు బిగింపు సంగతి ఇంకా శ్రద్ధగా చదవండి.

ఆన్‌లైన్‌లో పది, పదిహేను తుపాకులు పట్టే విదేశీ సేఫ్‌లు కనిపిస్తాయి. 2019లో ఆయుధ చట్టాన్ని సవరించాక మన దగ్గర మామూలు లైసెన్సుదారుకు గరిష్ఠంగా రెండు తుపాకులే. అంత పెట్టె మనకు అనవసరం. ఆ డబ్బు రేకు మందం మీద పెట్టండి.

రేకు మందం మాటతో నమ్మకండి

నేను మొదట మోసపోయింది ఇక్కడే. "మూడు మిల్లీమీటర్లు సార్, ఏనుగు తొక్కినా ఏం కాదు" అని అమ్మారు. ఇంటికి తెచ్చాక ఇద్దరం సులువుగా మిద్దె మీదికి మోసేశాం. అప్పుడు అనుమానం వచ్చింది. బోల్టు కోసం వెనక వేసిన కన్నం అంచును కొలిచి చూస్తే ఒక మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అంటే మామూలు బీరువాకు కాస్త అన్నయ్య, అంతే.

మందం తెలుసుకోవడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి నేను చేసిందే. బోల్టు కన్నం దగ్గర రేకు అంచు పచ్చిగా కనిపిస్తుంది, అక్కడ మందం కొలిచే వెర్నియర్‌తో కొలవండి. తలుపు అంచును చూసి మోసపోకండి, దాన్ని లోపలికి మడిచి లావుగా కనిపించేలా చేస్తారు. రెండోది తూకం. మూడు మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు ఇరవై మూడున్నర కిలోలు తూగుతుంది. ఐదడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, అడుగుంపావు లోతు ఉన్న పెట్టెకు రేకు ఒక్కటే దాదాపు 68 కిలోలు కావాలి. తాళం, కడ్డీలు అదనం. అదే కొలతల పెట్టె మొత్తం కలిపి నలభై కిలోలే తూగితే అది మూడు మిల్లీమీటర్లు కానే కాదు. అంగడిలోనే కాటా మీద పెట్టమనండి. ఒప్పుకోకపోతే పక్క అంగడికి పోండి.

కొందరు గేజ్‌లో చెబుతారు. గేజ్ నంబరు తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. 12 గేజ్ దాదాపు 2.6 మిల్లీమీటర్లు, 18 గేజ్ దాదాపు 1.2. ఇంటి తుపాకికి 12 గేజ్ కంటే పలచని రేకు వద్దు. తలుపు ఇంకా మందంగా ఉంటే మరీ మంచిది.

తలుపు మూసి, సందులో గోరు దూరుతుందా చూడండి. గోరు దూరే చోట గునపం మొన కూడా దూరుతుంది. పిడి తిప్పినప్పుడు కడ్డీలు ఒకవైపే వస్తున్నాయా, మూడు వైపులా వస్తున్నాయా గమనించండి. కీలు బయట ఉన్నంత మాత్రాన భయం లేదు. కీలు కోసేసినా తలుపు ఊడకుండా ఆ వైపున కూడా కడ్డీ ఉండాలి. సేఫ్‌లకు మన దేశ ప్రమాణం ఐఎస్ 550. ఆ గుర్తు ఉన్నది మీ బడ్జెట్‌లో దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. విదేశీ పెట్టె మీద అమెరికాలో వస్తువుల భద్రతను పరీక్షించే యూఎల్ వాళ్ల ఆర్ఎస్‌సి ముద్ర ఉంటే, మామూలు చేతి పనిముట్లతో ఐదు నిమిషాలు కొట్టినా, పెకిలించినా తెరుచుకోలేదని అర్థం. ఐదు నిమిషాలేనా అనుకోకండి. పక్కింటివాళ్లకు చప్పుడు వినపడటానికి ఆ ఐదు నిమిషాలు చాలు.

వెల్డింగ్ షాపులో చేయించుకుంటే చవక అనేవాళ్లున్నారు. పెట్టె బాగానే చేస్తారు, కానీ తలుపు, తాళం కుదిరే పని వేరు. నేనైతే సలహా ఇవ్వను.

ఏ తాళం?

తాళంచెవి, తిప్పే డయల్, నంబర్లు నొక్కే కీప్యాడ్, వేలిముద్ర. ఇవి నాలుగు రకాలు.

వేలిముద్ర తాళం చూడగానే ముచ్చటేస్తుంది. తొందరపడకండి. మామిడి కోతల కాలంలో సొన తగిలి చేతులు పొక్కిన రైతును, వేరుశనగ పీకి వేళ్లు అరిగిన అవ్వను రేషన్ షాపు మిషన్ ముందు చూశారా? బొటనవేలు, చూపుడువేలు, మళ్లీ బొటనవేలు. మిషన్ ఒప్పుకోదు. అదే వేలితో సేఫ్ తెరవాలంటే అదే అవస్థ. చవక రకాల్లో ఇంకో ప్రమాదం ఉంది, మీది కాని వేలికి కూడా ఒక్కోసారి తెరుచుకుంటాయి. వేలిముద్ర రకమే కొంటానంటే అంగడిలో నలుగురి వేళ్లు పెట్టించి చూడండి. మీ వేలు తడిగా ఉన్నప్పుడు కూడా పెట్టి చూడండి.

నా ఓటు కీప్యాడ్‌కు, లేదా తాళంచెవితో తెరిచే మంచి లీవర్ తాళానికి. కీప్యాడ్ తీసుకుంటే కంపెనీ పెట్టి పంపిన నంబరును మొదటి రోజే మార్చండి. అది కాగితం మీద అచ్చు వేసి ఉంటుంది, అంగడిలో అందరికీ తెలుసు. పుట్టినతేదీ వద్దు, బండి నంబరు వద్దు, పెళ్లిరోజు అసలే వద్దు. ఇవి పిల్లలు మొదట నొక్కి చూసే నంబర్లు. వారానికోసారి బటన్లను పొడిగుడ్డతో తుడవండి. ఎప్పుడూ నొక్కే నాలుగు అంకెల మీదే జిడ్డు పేరుకుని, చూసేవాడికి సగం రహస్యం తెలిసిపోతుంది.

కీప్యాడ్ సేఫ్‌తో ఒక అత్యవసర తాళంచెవి కూడా వస్తుంది, బ్యాటరీ అయిపోతే తెరవడానికి. మా వీధిలో తెలిసినాయన దాన్ని సేఫ్ పైనే టేపుతో అంటించి పెట్టుకున్నాడు! కొందరు సేఫ్ లోపలే పెట్టి తాళం వేసి, ఆపైన తల పట్టుకుంటారు. దాన్ని బ్యాంకు లాకర్‌లో పెట్టండి. మామూలు తాళం అయినా అంతే. రెండు చెవులిస్తే ఒకటి మీ మొలతాడుకో జేబుకో, ఇంకొకటి బ్యాంకుకు. దేవుడి పటం వెనక, బియ్యం డబ్బాలో, గడప పైగూట్లో వద్దు. పిల్లలకు ఆ చోట్లన్నీ తెలుసు.

తూటాలు వేరే తాళంలో

తుపాకి, తూటాలు ఒకే అరలో ఉంటే సేఫ్ తెరిచిన మరుక్షణం అది నిండిన తుపాకే. లోపల వేరే తాళం ఉన్న చిన్న అర ఉండే సేఫ్ చూసుకోండి. లేకపోతే తూటాలకు విడిగా మరో చిన్న పెట్టె, వేరే గదిలో. ఎన్ని ఉన్నాయో ఒక చీటీ రాసి లోపలే పెట్టండి. ఆ రోజు పిల్లాడి దగ్గర నాలుగు తీసుకున్నాక, అసలు ఎన్ని ఉండాలో నాకే గుర్తులేదు. గంటసేపు మంచాల కింద, సోఫాల కింద టార్చి వేసి వెతికాను. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

పంట కాపలాకు మజిల్ లోడర్ (గొట్టం మూతిలోంచి మందు దట్టించే తుపాకి) లైసెన్సు ఉన్న రైతులకు ఒక్క మాట. తుపాకి మందును ఈ ఇనప్పెట్టెలో పెట్టకండి. నిప్పు తగిలితే గాలి దూరని ఇనప్పెట్టెలో ఉన్న మందు బాంబే. మందు కొన్న డబ్బాలోనే, తాళం ఉన్న చెక్కపెట్టెలో, పొయ్యికి, కరెంటు బోర్డుకు దూరంగా ఉంచండి.

బిగించకపోతే అది సేఫ్ కాదు

డెబ్బై కిలోల పెట్టెను ఇద్దరు మోసేస్తారు. ట్రాలీ ఆటో ఉంటే పది నిమిషాల పని. కాబట్టి నేలకూ గోడకూ రెండింటికీ యాంకర్ బోల్టులు వేయించండి. బోల్టు తల పెట్టె లోపల ఉండాలి, బయట కాదు.

రెండు గోడలు కలిసే మూల అన్నిటికంటే మంచిది. గునపం పెట్టి పెకిలించడానికి చోటు ఉండదు. తలుపు తెరుచుకునే వైపు గోడకు ఎదురుగా ఉంటే దొంగ నిలబడే వీలు కూడా తగ్గుతుంది. బాత్‌రూమ్ గోడను ఆనించకండి, తేమ ఒక కారణం, లోపల నీళ్ల పైపులుండటం ఇంకో కారణం. డ్రిల్ పెట్టే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వైర్లు ఎటు పోయాయో అడగండి.

కాంక్రీటు నేలలో పది మిల్లీమీటర్ల బోల్టు మూడు అంగుళాలు దిగితే బాగా పట్టుకుంటుంది. అపార్ట్‌మెంటు పై అంతస్తులో అంతకంటే లోతుకు పోకండి, శ్లాబు మందమే ఐదారంగుళాలు, కింద ఇంకొకరి ఇల్లు. బోలు ఇటుక గోడలో మామూలు బోల్టు పట్టదు, కెమికల్ యాంకర్ (జిగురు మందుతో అతికించే బోల్టు) అడగండి. చిత్తూరు వైపు పాత మిద్దెల్లో రాళ్లు, మట్టి అతుకుతో కట్టిన గోడలుంటాయి. వాటిలో ఎంత పెద్ద బోల్టు వేసినా వారం తిరక్కుండా వదులవుతుంది. అలాంటి ఇంట్లో మూలలో అడుగు ఎత్తున కాంక్రీటు దిమ్మ పోయించి దానికే బిగించండి.

ఆ దిమ్మ తిరుపతి కింది అంతస్తుల వాళ్లకూ అవసరమే. 2021 నవంబరు వానలకు ఎన్ని ఇళ్లలోకి నీళ్లు వచ్చాయో మరిచిపోలేదు కదా.

అద్దె ఇల్లయితే కన్నాలు వేసే ముందు ఇంటి ఓనరును అడగండి. ఇల్లు మారితే కొత్త చిరునామా లైసెన్సు అధికారికి తెలియజేయాలి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయ్యింది కాబట్టి చిత్తూరు నుంచి ఇక్కడికి మారినవాళ్లు తమ కాగితాలు ఏ కలెక్టరేటులో ఉన్నాయో ఒకసారి చూసుకోవడం మంచిది.

పెట్టెను అట్టపెట్టెతో సహా లోపలికి తేండి. "ఏంటన్నా ఇంత బరువు?" అని వీధిలో అడుగుతారు. కాగితాల పెట్టె అనండి, చాలు.

తేమ

కొందరు ఇది చివర్లో చూసుకుందాంలే అని వదిలేస్తారు. ఈశాన్య రుతుపవనాల రెండు నెలల్లో మూసిన ఇనప్పెట్టెలో తుపాకి ఎంత తొందరగా తుప్పు పడుతుందో చూస్తే అలా వదలరు. నా ఖాకీ సంచి విప్పినప్పుడు, గుడ్డ ఎక్కడ బ్యారెల్‌ను తాకిందో అక్కడల్లా ఎర్రటి చుక్కలు. గుడ్డ సంచిలో, తోలు ఒరలో, స్పాంజి పెట్టెలో పెట్టి సేఫ్‌లో దాచకండి. తుపాకిని విడిగా, పలచగా గన్ ఆయిల్ రాసి పెట్టండి. నూనె కారేంత వద్దు. నిలబెడితే ఎక్కువైన నూనె కిందికి దిగి బట్ చెక్కను మెత్తబరుస్తుంది.

అగ్నిప్రమాదం తట్టుకుంటుందని అమ్మే సేఫ్‌ల గోడల్లో జిప్సం లాంటి పదార్థం ఉంటుంది. అందులోనే తేమ ఉంటుంది. అలాంటి సేఫ్ కొంటే తేమ పీల్చే సిలికా జెల్ గింజలు ఇంకా ఎక్కువ కావాలి. నీలం గింజల రకం తేమ పీల్చాక గులాబీ రంగుకు మారుతుంది. అప్పుడు వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. వంట పాత్రల్లో మాత్రం వేడిచేయకండి.

నంబరు ఎవరికి తెలియాలి

మీకొక్కరికే. ఇంట్లోవాళ్లకు ఇది కష్టంగా అనిపిస్తుంది, మా ఆవిడ కూడా రెండు రోజులు ముభావంగా ఉంది. కానీ లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది, ఇంటి పేరు మీద కాదు. లైసెన్సు లేని కొడుక్కి సేఫ్ నంబరు ఇస్తే తుపాకిని అతని చేతిలో పెట్టినట్టే. 2016 ఆయుధ నియమాల కింద దరఖాస్తుతో పాటు భద్రంగా వాడతాం, భద్రంగా దాస్తాం అని మనం హామీ కూడా రాసిస్తున్నాం.

మరి మనకేమైనా అయితే? నంబరును కవర్‌లో పెట్టి, సీలు వేసి, అత్యవసర చెవితో పాటు బ్యాంకు లాకర్‌లో ఉంచండి. కవర్ పైన "పోలీసుల సమక్షంలో మాత్రమే తెరవాలి" అని తెలుగులో రాయండి. లైసెన్సుదారు చనిపోతే తుపాకిని దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలని చట్టం. వారసులు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవడం ఆ తర్వాత సంగతి. ఈ మాట ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పి పెట్టండి.

నెలల తరబడి ఊళ్లో ఉండకపోతే, పిల్లల దగ్గరికి బెంగళూరో అమెరికానో పోతుంటే, సేఫ్‌ను నమ్మి ఖాళీ ఇంట్లో వదలకండి. డీలర్ దగ్గర జమచేసి రసీదు తీసుకోండి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో పెట్టినా రసీదు మరువకండి. ఆ రసీదు, లైసెన్సు జిరాక్సు సేఫ్‌లో కాకుండా వేరే చోట ఉండాలి.

ఇక ఏడాదికోసారి సేఫ్ పని చేసుకోవడానికి నేను ఆయుధ పూజ రోజును పెట్టుకున్నాను. వానలు ముదరకముందే వస్తుంది, ఎలాగూ తుపాకి బయటికి తీస్తాం. పిల్లల్ని పక్క గదికి పంపి, తూటా గదులు రెండూ ఖాళీ అని చూసుకుని తీయండి. పసుపు, కుంకుమ ఇనుము మీద పెట్టకుండా బట్ చెక్క మీద చిన్న బొట్టు పెట్టండి. పూజ కాగానే తుడిచి, నూనె రాయండి. కీప్యాడ్ బ్యాటరీ బాగున్నా సరే కొత్తది వేయండి. సిలికా జెల్ మార్చండి. తూటాలు లెక్కబెట్టి చీటీతో సరిచూడండి. బోల్టులు స్పానర్‌తో ఒకసారి బిగించండి. తాళం వేశాక పిడి పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగి చూడండి. ఆ తర్వాతే పిల్లల్ని పిలిచి బొరుగులు పంచండి.